వరస ఎక్కడ విరవాలి: లిస్ప్‌లో ప్రెట్టీ ప్రింటింగ్, తెలుగు వెడల్పు

రాయ్‌పూర్ నుంచి విజయనగరం వచ్చే రైలుమార్గంలో, రాయ్‌పూర్ దాటిన కాసేపటికే మందిర్ హసౌద్ వస్తుంది. పార్వతీపురం–రాయ్‌పూర్ భాగం 1931లో పూర్తయినప్పటి నుంచి ఛత్తీస్‌గఢ్ మైదానాన్నీ ఉత్తరాంధ్రనూ కలుపుతున్న దారి ఇది. ఈమధ్య మందిర్ హసౌద్ దగ్గర మరో పాయ చీలింది. అది నవా రాయ్‌పూర్‌లోని సీబీడీ స్టేషన్, కేంద్రీ మీదుగా అభన్‌పూర్ వెళ్తుంది. 2025 మార్చిలో దాని మీద ప్యాసింజర్ రైలు మొదలైంది. ఒక మార్గం, అందులో ఒక స్టేషన్, ఆ స్టేషన్ కడుపులో ఇంకో మార్గం. ఒకదాని లోపల ఒకటి ఉండే ఇలాంటి సమాచారాన్ని రాసుకోవడానికి లిస్ప్ కంటే సులువైన భాష లేదు:

(మార్గం రాయ్‌పూర్ (స్టేషన్ మందిర్-హసౌద్ (శాఖ సీబీడీ కేంద్రీ అభన్‌పూర్)) మహాసముంద్ ఖరియార్-రోడ్ టిట్లాగఢ్ రాయగడ పార్వతీపురం బొబ్బిలి విజయనగరం)

యంత్రానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. మనిషి మాత్రం ఏ బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో వేలు పెట్టి లెక్కపెట్టుకోవాలి. అదే సమాచారాన్ని ఇలా పరిస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది:

(మార్గం
  రాయ్‌పూర్
  (స్టేషన్ మందిర్-హసౌద్
    (శాఖ సీబీడీ కేంద్రీ అభన్‌పూర్))
  మహాసముంద్
  ఖరియార్-రోడ్
  టిట్లాగఢ్
  రాయగడ
  పార్వతీపురం
  బొబ్బిలి
  విజయనగరం)

మొదటి రూపాన్ని రెండో రూపంలోకి మార్చే ప్రోగ్రాము ప్రెట్టీ ప్రింటర్. ఏ వరసను ఎక్కడ విరవాలి, విరిచాక కింది వరసను ఎంత లోపలికి జరపాలి అన్నవి దాని ముందుండే రెండు ప్రశ్నలు. ఈ ప్రశ్నల మీద అరవై ఏళ్లకు దగ్గరగా పని జరుగుతోంది. అందులో చాలా భాగం గొప్ప పని. అయితే ఆ పని మొత్తం ఒక ఊహ మీద నిలబడింది: ముద్రించబోయే మాట ఎంత వెడల్పో ముందే తెలుసని. ఇంగ్లీషుకు ఆ ఊహ సరిపోయింది, తెలుగుకు సరిపోదు. ఈ రంగంలో జరిగినదాన్ని ఆ కోణంలోంచి చూడటం ఇప్పుడు అవసరం.

లిస్ప్‌ను జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో మొదలుపెట్టాడు. ఆ భాష మీద ఆయన వ్యాసం 1960లో వచ్చింది. ప్రోగ్రాములు రాయడానికి ఎం-ఎక్స్‌ప్రెషన్లు అనే వేరే రూపం ఆయన మనసులో ఉండేది. బ్రాకెట్లతో ఉండే ఎస్-ఎక్స్‌ప్రెషన్లు సమాచారం కోసం ఉద్దేశించినవి. అనుకున్నదొకటి, నిలిచిందొకటి. స్టీవ్ రసెల్ ఐబీఎం 704 మీద ఇంటర్‌ప్రెటర్‌ను నడిపించాక ప్రోగ్రాములు కూడా బ్రాకెట్లలోనే ఉండిపోయాయి. దాంతో లిస్ప్‌లో ప్రోగ్రామూ సమాచారమూ ఒకే పదార్థం అయ్యాయి. మిగతా భాషల్లో సోర్స్ కోడ్‌ను అందంగా పరచాలంటే ముందు ఆ భాష వ్యాకరణం మొత్తం తెలిసిన పార్సర్ కావాలి. లిస్ప్‌లో లిస్టును ముద్రించే ఫంక్షన్ ఒకటి చాలు. ప్రెట్టీ ప్రింటింగ్ మీద తొలి గట్టి పని లిస్ప్ వాళ్ల దగ్గరే జరగడానికి ఇదొక కారణం. ఆ బ్రాకెట్లను పరచకుండా చదవలేకపోవడం రెండో కారణం.

ఇక్కడ కాలమ్ గురించి కొంత చెప్పుకోవాలి. ఐబీఎం 80 కాలమ్‌ల కార్డు 1928లో వచ్చింది. ఒక కాలమ్‌లో పడే కన్నాలు ఒక అక్షరం. 704కు తగిలించిన కార్డు రీడర్ ఆ 80లో 72 కాలమ్‌లే చదివేది, ఎందుకంటే ఆ యంత్రంలో ఒక పదం 36 బిట్లు, రెండు పదాలు కలిపితే 72. కార్డులు పోయాయి గానీ అంకెలు పోలేదు. ఇవాళ్టికీ క్లోజర్ అనే లిస్ప్ భాషతో వచ్చే ప్రెట్టీ ప్రింటర్‌లో కుడి హద్దు, మనం మార్చకపోతే, 72. చాలామంది ప్రోగ్రామర్లు వరసను 80 దాటనివ్వరు. వరస పొడవు కంటే లోతుగా పాతుకుపోయినది ఆ కొలమానమే: ఒక అక్షరం, ఒక కాలమ్. ఆ సమీకరణం కార్డు మీద భౌతికంగా నిజం. తర్వాత వచ్చిన అల్గారిథమ్‌లన్నీ దాన్ని ప్రశ్నించకుండా తీసుకున్నాయి.

మొదటి ప్రెట్టీ ప్రింటర్లలో పేరున్నది బిల్ గాస్పర్ 1967లో ఎంఐటీలో రాసిన గ్రైండ్‌డెఫ్. అది సాధ్యమైన అమరికలను వెతుకుతూ, పనికిరానివాటిని మధ్యలోనే వదిలేస్తూ పోయేది. దీన్ని ఒక శాస్త్రీయ సమస్యగా ముందుకు తెచ్చింది ఐరా గోల్డ్‌స్టీన్. 1973లో ఎంఐటీ ఏఐ ల్యాబ్ మెమో 279గా వచ్చిన ఆయన రచన, చెట్టులా ఉన్న లిస్టును వరసలుగా పరచడాన్నే తన విషయంగా తీసుకుంది. అందులో ఖర్చు ఎక్కడ పెరుగుతుందో ఆలోచిస్తే తెలుస్తుంది. ప్రతి లిస్టు దగ్గరా ఆగి, ఇది మిగిలిన చోటులో పడుతుందా అని మొత్తం కొలవాలి. పడకపోతే లోపలి లిస్టు దగ్గర మళ్లీ కొలవాలి, దాని లోపల మళ్లీ. పది పొరల లోతున ఉన్న మాటను పదిసార్లు కొలుస్తాం. కొలతల్ని గుర్తుపెట్టుకుంటే సమయం ఆదా అవుతుంది, మెమరీ ఖర్చవుతుంది. అప్పటి యంత్రాల్లో రెండూ కొరతే.

అదే కాలంలో వెస్ట్‌కోస్ట్‌లో ఇంటర్‌లిస్ప్ వేరే దారి పట్టింది. వారెన్ టైటెల్మన్ బృందం ప్రోగ్రామును అక్షరాల ఫైలుగా కాక, మెమరీలో ఉన్న లిస్టుగానే దిద్దేది. ఫైలు అనేది ప్రెట్టీ ప్రింటర్ ఆ లిస్టు నుంచి పుట్టించే వస్తువు. ఇండెంట్ ఎవరూ చేత్తో చేయరు, కాబట్టి దాని మీద గొడవా ఉండదు. అక్కడ కామెంట్ కూడా నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ఒక లిస్టే. ఈ చిన్న ఏర్పాటు విలువ తర్వాత తెలిసొచ్చింది, దాని సంగతికి మళ్లీ వస్తాను.

ఈ రంగంలో ఒక్క వ్యాసమే చదవాలనుకునేవారికి నేను చూపించేది డెరెక్ ఓపెన్ 1980లో రాసింది. లిస్టును ఆయన ఒక ప్రవాహంగా చూశాడు. అందులో నాలుగే రకాల ముక్కలుంటాయి: మాట, విరవడానికి వీలున్న ఖాళీ, బ్లాకు మొదలు, బ్లాకు చివర. రెండు ప్రక్రియలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి ముందుకు చూస్తూ, ఈ ఖాళీ నుంచి తర్వాతి ఖాళీ దాకా ఎంత పొడవుందో, ఈ బ్లాకు ఎంత పొడవుందో కొలుస్తుంది. రెండోది ఆ కొలతలు అందుకుంటూ, మిగిలిన చోటులో పడితే ఖాళీగా వదులుతుంది, పడకపోతే వరస విరుస్తుంది.

ఇంతవరకు ఎవరైనా అనుకోగలరు. ఓపెన్ పట్టుకున్న అసలు కీలకం వేరే. వరస వెడల్పు 80 అనుకుందాం. ఒక బ్లాకు మొదలై 80 కాలమ్‌లు గడిచినా దాని చివర కనబడలేదు. ఇంకెంత పొడవుంటుందో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. అది వరసలో పట్టదని అప్పటికే తేలిపోయింది. కాబట్టి ముందుకు చూసే ప్రక్రియ ఎప్పుడూ ఒక వరస వెడల్పుకు మించి చూడాల్సిన పని లేదు. లిస్టు పది మాటలున్నా పది లక్షల మాటలున్నా, కావాల్సిన మెమరీ వరస వెడల్పును బట్టే ఉంటుంది, సమయం లిస్టు పొడవుకు అనులోమంగా పెరుగుతుంది. గోల్డ్‌స్టీన్ కాలపు ఇబ్బంది దీంతో తీరిపోయింది. నలభై ఐదేళ్లయినా ఈ పద్ధతి వాడుకలోనే ఉంది. ఓకామెల్ భాషలోని ఫార్మాట్ మాడ్యూలు, రస్ట్ కంపైలర్‌లోని ప్రింటర్ ఈ వంశానివే.

ఓపెన్ చేసిన మరో పని విరుపుల్లో రెండు రకాలు గుర్తించడం. మొదటి రకం బ్లాకులో ఒక్కచోట విరిస్తే అన్నిచోట్లా విరవాలి. రెండో రకంలో అవసరం పడ్డచోటే విరిస్తే సరిపోతుంది. పైన చూపిన రైలుమార్గంలో విజయనగరం దాకా ఉన్న స్టేషన్లు మొదటి రకం, ఒకదాని కింద ఒకటి వస్తేనే పోల్చుకోగలం. వంద అంకెల లిస్టును అలా పరిస్తే మాత్రం తెర మీద నిలువుగా వంద వరసలు పారతాయి, చదివేవాడికి ఒరిగేదేమీ ఉండదు. అక్కడ రెండో రకమే మేలు. ఏ లిస్టుకు ఏ రకమో అల్గారిథమ్ చెప్పలేదు, సమాచారం అర్థం తెలిసినవాడు చెప్పాలి. ప్రెట్టీ ప్రింటర్ బాగుందా లేదా అన్నది చాలాసార్లు ఈ నిర్ణయం మీదే ఆధారపడుతుంది.

ఆ నిర్ణయాన్ని వాడుకరి చేతికి ఇవ్వడంలో రిచర్డ్ వాటర్స్ చేసినంత పని ఇంకెవరూ చేయలేదు. 1983లో ఒక వ్యాసంలో దారి వేసి, 1989లో ఎంఐటీ నుంచి ఎక్స్‌పీ అనే ప్రింటర్‌ను విడుదల చేశాడు. 1994లో ఆన్సీ ప్రమాణంగా స్థిరపడ్డ కామన్ లిస్ప్‌లో ప్రెట్టీ ప్రింటింగ్ అధ్యాయం దాదాపుగా ఎక్స్‌పీయే. అందులో విరుపులు నాలుగు రకాలు. లీనియర్, ఫిల్ అన్నవి ఓపెన్ రెండు రకాలకు దగ్గరివి. మ్యాండేటరీ అంటే ఎట్లాగైనా విరవాల్సిందే. నాలుగోది మైజర్, దాని సంగతి ముచ్చటైనది. లిస్టులు లోతుకు పోయేకొద్దీ వరసలు కుడివైపుకు జారుతుంటాయి, చివరికి కుడి హద్దు దగ్గర నాలుగైదు కాలమ్‌లు మిగిలి మాటలు ఇరుకున పడతాయి. మిగిలిన వెడల్పు ఒక హద్దు కంటే తగ్గగానే ప్రింటర్ పిసినారితనం మొదలుపెడుతుంది: ఇండెంట్లు మానేస్తుంది, వీలైనచోటల్లా విరుస్తుంది. క్లోజర్‌లో ఆ హద్దు, మార్చకపోతే, 40 కాలమ్‌లు.

ఫలానా ఆకారపు లిస్టు వస్తే ఫలానా ఫంక్షన్‌తో ముద్రించు అని నమోదు చేసుకునే డిస్పాచ్ పట్టిక కూడా వాటర్స్ ఇచ్చినదే. లోతు ఎంతవరకు చూపాలి, పొడవు ఎంతవరకు చూపాలి అనే హద్దులూ పెట్టుకోవచ్చు. తనలోకి తానే తిరిగొచ్చే లిస్టు ఉంటే మామూలు ప్రింటర్ ఎప్పటికీ ఆగదు. ప్రింట్-సర్కిల్ వేరియబుల్ వేసి ఉంచితే మొదటిసారి ఒక అంకెతో గుర్తు పెట్టి, రెండోసారి ఆ అంకెను మాత్రమే చూపుతుంది. ఇంత సమగ్రమైన ముద్రణ ఏర్పాటు తమ ప్రమాణంలోనే ఉన్న భాషలు నాకు తెలిసి చాలా అరుదు. ఈ అధ్యాయం కష్టమని చాలామంది లిస్ప్ ప్రోగ్రామర్లు పక్కన పెట్టేస్తారు, అది వాళ్లకే నష్టం.

ఫంక్షనల్ భాషల వైపు జరిగిన పని మరో పాయ. జాన్ హ్యూస్ 1995లో ముద్రణను బీజగణితంగా మార్చాడు: చిన్న చిన్న పత్రాలు, వాటిని కలిపే క్రియలు, ఆ క్రియలు పాటించే సూత్రాలు. ఫిలిప్ వాడ్లర్ దాన్ని ఇంకా పలచన చేసి, మాట, వరస, ఇండెంట్, గుంపు అనే కొన్ని క్రియలతోనే సరిపెట్టాడు. క్రిస్టియన్ లిండిగ్ 2000లో దాన్ని మామూలు భాషలకు అనువుగా మార్చాడు. ఎలిక్సర్ భాష ముద్రించే విలువలన్నీ ఇవాళ ఆ దారినే వస్తాయి. 2017లో జేమ్స్ లాంగ్ జావాస్క్రిప్ట్ కోసం తెచ్చిన ప్రెట్టియర్ కూడా వాడ్లర్ ఆలోచన మీద కట్టినదే.

వాడ్లర్ పద్ధతికి ఒక లోపం ఉంది. ఇప్పుడు పడుతుందా అని మాత్రమే చూస్తుంది, ఇక్కడ తీసుకున్న నిర్ణయం వల్ల నాలుగు వరసల తర్వాత ఏమవుతుందో చూడదు. లిస్ప్‌కు ఇది బాగా తగులుతుంది. ఫంక్షన్ పేరు పక్కనే మొదటి ఆర్గ్యుమెంట్ పెట్టి మిగతావాటిని దాని కింద వరసలో అమర్చితే ఇప్పటికి బాగానే పడుతుంది, కానీ లోపలి లిస్టులన్నీ కుడికి తోసుకుపోతాయి. పేరు తర్వాత విరిచి రెండు ఖాళీల ఇండెంట్ ఇచ్చి ఉంటే అసలు ఇబ్బందే రాదు. రెండు దారులూ చూసి మంచిది ఎంచుకోవాలంటే వెతుకులాట పెరిగిపోతుంది. ఝాన్-ఫిలిప్ బెర్నార్డీ 2017లో, ఒకదాన్ని మించి ఒకటి అన్ని విధాలా మెరుగైనప్పుడు తక్కువైనదాన్ని వెంటనే వదిలేసే పద్ధతితో దీన్ని సాధ్యం చేశాడు. 2023లో సొరవీ పొర్న్‌చరోయెన్‌వసే, జస్టిన్ పాంబ్రియో, ఎమీనా టోర్లాక్ ఇంకో అడుగు వేసి, ఏది అందమో చెప్పే ఖర్చు లెక్కను కూడా వాడుకరే నిర్వచించుకునే ప్రింటర్ ఇచ్చారు. రాకెట్ భాష కోడ్‌ను సర్దే రాకో ఫెంట్ పనిముట్టు వెనక ఉన్నది ఈ ఆలోచనే. వరస విరవడం అనే లెక్క వరకు చూస్తే ఇక మిగిలింది కొంచెమే అనిపిస్తుంది.

సోర్స్ కోడ్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ప్రోగ్రామూ సమాచారమూ ఒకే పదార్థమన్న గర్వం ఇక్కడ అడ్డం తిరుగుతుంది. లిస్ప్ రీడర్ ఫైలును చదివి లిస్టుగా మార్చేటప్పుడు సెమికోలన్ కామెంట్లు పారేస్తుంది, ఖాళీ వరసలు పారేస్తుంది. మనం పదహారు ఆధారంగా రాసిన అంకె పది ఆధారంగా తిరిగొస్తుంది. కామన్ లిస్ప్‌లో చిన్న అక్షరాలతో రాసిన ఇంగ్లీషు పేర్లు పెద్ద అక్షరాలై ప్రత్యక్షమవుతాయి. బ్యాక్‌కోట్‌ను లోపల ఏ రూపంలో ఉంచాలో ప్రమాణం చెప్పలేదు, కాబట్టి ఒక్కో కంపైలర్‌లో ఒక్కోలా బయటికొస్తుంది. లిస్టుగా చదివి, ప్రెట్టీ ప్రింటర్‌తో తిరిగి రాస్తే ప్రోగ్రాము అర్థం నూటికి నూరుపాళ్లు నిలుస్తుంది, రాసిన మనిషి మాట మాత్రం పోతుంది. ఇంటర్‌లిస్ప్ కామెంట్‌ను లిస్టు చేయడంలోని ముందుచూపు ఇదే. ఇవాళ గిక్స్ ప్యాకేజీ వ్యవస్థలోని గిక్స్ స్టైల్ కామెంట్లను కూడా వస్తువులుగా చదివే సొంత రీడర్‌తో పనిచేస్తుంది. క్లోజర్ వైపు సీఎల్‌జే-ఫెంట్ రాసినవాడి విరుపుల్ని చాలావరకు గౌరవించి ఇండెంట్లు సరిచేస్తుంది, జడ్‌ప్రింట్ అన్నీ తానే నిర్ణయిస్తుంది. పదిమంది కలిసి రాసే ప్రాజెక్టులో రెండోది గొడవలు తగ్గిస్తుందని తెలుసు. అయినా నా ఓటు మొదటిదానికే. ఒక వరసను ఫలానాచోట విరిచినవాడు చాలాసార్లు ఏదో చెప్పదలచుకునే విరుస్తాడు.

రెండో చిక్కు మ్యాక్రోలు. ఈమాక్స్ లిస్ప్‌లో ఇఫ్ ఎలా ఇండెంట్ అవుతుందో చూడండి:

(ఇఫ్ (> దూరం 100)
    (టికెట్ 'ఎక్స్‌ప్రెస్)
  (టికెట్ 'ప్యాసింజర్))

షరతు నిజమైతే చేసే పనికి నాలుగు ఖాళీలు, కాకపోతే చేసే పనికి రెండు. ఈమాక్స్ లిస్ప్‌లో నిజమైన వైపు ఒక్క ఎక్స్‌ప్రెషనే ఉంటుంది, కాని వైపు ఎన్నైనా ఉండొచ్చు. ఆ తేడా కంటికి తెలియాలనే ఈ ఏర్పాటు. దీన్ని ఏ సాధారణ అల్గారిథమూ కనిపెట్టలేదు, ఎవరో ఒకరు చెప్పాలి. లిస్ప్‌లో ఎవరైనా ఇఫ్ లాంటి కొత్త రూపాన్ని మ్యాక్రోగా సృష్టించుకోవచ్చు గనుక ఈ చెప్పడం ఎప్పటికీ పూర్తికాదు. ఈమాక్స్‌లో మ్యాక్రో నిర్వచనంలోనే ఇండెంట్ ఎంతో ప్రకటించవచ్చు. కామన్ లిస్ప్ ఇంకా సున్నితంగా చేసింది: మ్యాక్రో ఆర్గ్యుమెంట్లలో మిగిలినవన్నీ అని చెప్పడానికి రెస్ట్ అనీ రాయొచ్చు, బాడీ అనీ రాయొచ్చు. కంపైలర్‌కు రెండూ ఒకటే. బాడీ అన్నది ప్రింటర్లకూ ఎడిటర్లకూ ఇచ్చే సూచన, ఇక్కడి నుంచి లోపలికి జరుపు అని. ఈమాక్స్‌లోని స్లైమ్ దాన్ని చూసే ఇండెంట్ నేర్చుకుంటుంది. చదివేవాడి కోసం ఒక భాష ప్రమాణంలోనే చోటు కేటాయించడం నాకు ఎప్పుడూ ఆనందం కలిగించే విషయం.

ఇక తెలుగు. పైన రాసిన అల్గారిథమ్‌లన్నిటికీ మాట పొడవు కావాలి. మన రైలుమార్గం లిస్టులో మొదటి మాటనే కొలుద్దాం: ఎడమ బ్రాకెట్, మార్గం, ఆ తర్వాత ఒక ఖాళీ. దీని వెడల్పు ఎంత? యూటీఎఫ్-8 బైట్లు లెక్కపెడితే 20, ఎందుకంటే తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటి 3 బైట్లు. కోడ్‌పాయింట్లు లెక్కపెడితే 8: బ్రాకెట్, మ, దీర్ఘం, ర, పొల్లు, గ, సున్న, ఖాళీ. టెర్మినళ్లు వాడే డబ్ల్యుసీవిడ్త్ పద్ధతిలో, మార్కస్ కూన్ రాసిన రూపం ప్రకారం, దీర్ఘానికీ పొల్లుకూ సున్నా, సున్నకు మాత్రం ఒకటి, మొత్తం 6. యూనికోడ్ చెప్పే అక్షర గుంపుల లెక్కలో పాత సూత్రం ప్రకారం 5, ర్ గం విడివిడిగా పడతాయి. 2023లో యూనికోడ్ 15.1 సంయుక్తాక్షరాలను కలిపే సూత్రం తెచ్చాక 4. ఆ సూత్రం మొదట వర్తించిన లిపుల్లో తెలుగు ఉంది. ఒకే మాటకు అయిదు కొలతలు, తెర మీద నిజంగా పట్టే వెడల్పు ఫాంటును బట్టి ఈ అయిదింటికీ వేరు. మందిర్-హసౌద్ తీసుకుంటే 34 బైట్లు, 12 కోడ్‌పాయింట్లు, 8 టెర్మినల్ గళ్లు, 7 గుంపులు.

దీని ఫలితం వెంటనే కనబడుతుంది. లిస్ప్‌లో ఫంక్షన్ పిలుపును పరిచే మామూలు ఆచారం, రెండో ఆర్గ్యుమెంట్ నుంచి అన్నిటినీ మొదటి ఆర్గ్యుమెంట్ సరిగ్గా కిందకు తేవడం. అంటే కింది వరసలో ఎన్ని ఖాళీలు వేయాలో ఫంక్షన్ పేరు వెడల్పు నిర్ణయిస్తుంది. కోడ్‌పాయింట్లు లెక్కపెట్టే ప్రింటర్ మార్గం తర్వాత కింది వరసలకు 8 ఖాళీలు వేస్తుంది. కంటికి అక్కడ పట్టిన చోటు దానికి కుదరదు:

(మార్గం రాయ్‌పూర్
        మహాసముంద్
        విజయనగరం)

రాయ్‌పూర్ కింద మహాసముంద్ రాదు, పక్కకు జరిగి నిలబడుతుంది. ఒక పొరలో ఇంత తేడా ఉంటే ఐదు పొరల లోతున ఏది ఎవరి పిల్లో ఎవరూ చెప్పలేరు. లిస్ప్ చదివేవాళ్లు బ్రాకెట్లు చూడరు, ఇండెంట్ చూస్తారు. ఆ ఇండెంటే అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. కుడి హద్దు లెక్కా తప్పుతుంది: కోడ్‌పాయింట్లతో కొలిచే ప్రింటర్ తెలుగు వరసను నిండకముందే నిండిందనుకుని అవసరం లేనిచోట విరుస్తుంది. రాయ్‌పూర్‌లో య్ తర్వాత పడే కనబడని గుర్తు మరో బెడద. అది ఉన్న పేరూ లేని పేరూ లిస్ప్ రీడర్‌కు రెండు వేర్వేరు సింబల్స్. ఉన్నదానికి లెక్కలో ఒక కోడ్‌పాయింట్ ఎక్కువ, తెర మీద దానికంటూ ఏ వెడల్పూ లేదు.

ఇది లిస్ప్ ఒక్కదాని లోపం కాదు. గో భాష 2009లో అందరికీ తెరిచినప్పటి నుంచి గోఫెంట్ కోడ్ సర్దడంలో ఆదర్శంగా నిలిచింది. గో లైబ్రరీలో కాలమ్‌లు సర్దే ట్యాబ్‌రైటర్ ప్యాకేజీ వివరణలోనే, యూనికోడ్ కోడ్‌పాయింట్లన్నీ ఒకే వెడల్పని అనుకుంటున్నామనీ, కొన్ని ఫాంట్లలో, కలిసిపోయే గుర్తులున్నచోట ఇది నిజం కాకపోవచ్చనీ రాసి ఉంది. నిజాయితీగా ఒప్పుకున్నారు, మంచిదే. మన లిపిలో ఆ 'కాకపోవచ్చు' ప్రతి మాటలోనూ వస్తుంది.

లిస్ప్ పుట్టిన చోట్లకు తెలుగువాళ్లు దూరమేమీ కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీ దగ్గరే డాక్టరేట్ పూర్తిచేసి, 1969లో కార్నెగీ మెలన్‌కు వెళ్లారు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ కార్నెగీ మెలన్‌లో పుట్టిన సీఎంయూసీఎల్ అనే కామన్ లిస్ప్ కంపైలర్ నుంచి 1999లో చీలిందే ఇవాళ ఎక్కువమంది వాడే ఎస్‌బీసీఎల్. దాని ప్రెట్టీ ప్రింటర్ వాటర్స్ ఎక్స్‌పీ అల్గారిథమ్‌నే అనుసరిస్తుంది. అందులో స్ట్రింగ్ పొడవంటే కోడ్‌పాయింట్ల లెక్క. మన మాటను కొలిచే తీరు బాగుపడాలంటే అలాంటి ప్రింటర్ల లోపలే పని జరగాలి.

పరిష్కారాలు లేకపోలేదు. అన్నిటికన్నా సులువైనది, ఇవాళే చేయగలిగినది, మాట వెడల్పు మీద ఆధారపడే అమరికను మానేయడం. ఫంక్షన్ పేరు తర్వాత విరిచి, ఎంత పొడవు పేరైనా రెండే ఖాళీల ఇండెంట్ ఇస్తే, కింది వరసలు ఎక్కడ మొదలవ్వాలన్నది వరస మొదట్లోని ఖాళీల మీదే ఆధారపడుతుంది. ఏ ఫాంటులోనైనా వరస మొదట్లోని ఖాళీలన్నిటికీ ఒకే వెడల్పు. ఈ వ్యాసం మొదట్లో పరిచిన రైలుమార్గం అందుకే ఏ తెర మీదైనా చెదరదు. క్లోజర్ ప్రోగ్రామర్ నికితా ప్రొకోపొవ్ వేరే కారణాలతో, పేరుతో మొదలయ్యే లిస్టులన్నిటికీ రెండు ఖాళీలే చాలని వాదించాడు. ఆ వాదనను చాలామంది లిస్ప్ వాళ్లు ఒప్పుకోలేదు. తెలుగు పేర్లతో, తెలుగు స్ట్రింగులతో పనిచేసేవాళ్లకు మాత్రం అది రుచుల సంగతి కాదు, అవసరం.

కుడి హద్దు లెక్క దీనితో తీరదు. దానికి ప్రింటర్‌కు వెడల్పు ఎవరో ఒకరు చెప్పాలి. ఓకామెల్ ఫార్మాట్‌లో ఒక ఫంక్షన్ ఉంది: ఈ స్ట్రింగును ముద్రించు, కానీ దీని పొడవు ఇంత అనుకో అని చెప్పొచ్చు. హ్యూస్ వంశపు లైబ్రరీలోనూ అలాంటిది ఉంది. ఈమాక్స్ 29, అంటే 2023 నుంచి, తెర మీద స్ట్రింగు ఎన్ని పిక్సెళ్లు పడుతుందో కొలిచే ఫంక్షన్ ఇస్తోంది. కామన్ లిస్ప్ ప్రమాణంలో ఇలాంటి దారి పెట్టలేదు. ప్రింట్-రైట్-మార్జిన్, ప్రింట్-మైజర్-విడ్త్ వేరియబుల్స్ పక్కన మరొకటి కావాలి: స్ట్రింగు ఇస్తే వెడల్పు చెప్పే ఫంక్షన్‌ను అందులో పెట్టుకోవాలి. ఓపెన్ అల్గారిథమ్‌లో గానీ వాటర్స్ ఎక్స్‌పీలో గానీ మిగతాదేదీ మార్చనక్కర్లేదు. పొడవు అడిగే చోట ఈ ఫంక్షన్‌ను అడిగితే సరిపోతుంది. విలువ పెట్టనప్పుడు పాత లెక్కే నడుస్తుంది గనుక ఇంగ్లీషు వాడేవాళ్లకు ఏ తేడా రాదు. ఎస్‌బీసీఎల్ సోర్స్ అందరికీ తెరిచే ఉంది, ఈ మార్పు మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.